అండ్ కనబడగానే ఆగండి: ఇంగ్లీష్ వాక్యంలో ప్యారలల్ స్ట్రక్చర్ కుదుర్చుకోవడం ఎలా

డిగ్రీ అయిపోయి ఉద్యోగాలకు అప్లై చేస్తున్న పిల్లల రెజ్యూమెలు తిరగేస్తుంటే చివర హాబీల దగ్గర ఇలాంటి వాక్యం తరచూ తగులుతుంది: "మై హాబీస్ ఆర్ ప్లేయింగ్ కబడ్డీ, టు వాచ్ క్రికెట్ అండ్ బుక్స్." స్పెల్లింగ్ తప్పేమీ లేదు. చెప్పదలచుకున్నదీ అర్థమవుతూనే ఉంది. కానీ ఇంగ్లీష్ బాగా వచ్చిన మనిషి చదివితే మధ్యలో తడబడతాడు, మళ్లీ వెనక్కి వెళ్లి చదువుతాడు. ఆ కాస్త తడబాటు చాలు, రెజ్యూమె పక్కకు పోవడానికి.

ఇదే వాక్యాన్ని తెలుగులో పెట్టి చూడండి: "నాకు కబడ్డీ ఆడడం, క్రికెట్ చూడడానికి, పుస్తకాలు ఇష్టం." ఏడో తరగతి పిల్లాడు కూడా నవ్వుతాడు. "ఆడడం, చూడడం, చదవడం ఇష్టం" అనాలని మనకు ఎవరూ నేర్పలేదు, నేర్పక్కర్లేదు కూడా. ఆ చెవి మనకు ముందే ఉంది. ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేసరికి టెన్షన్‌లో దాన్ని వాడుకోవడం మర్చిపోతున్నాం, అంతే. సరైన వాక్యం ఇది: "మై హాబీస్ ఆర్ ప్లేయింగ్ కబడ్డీ, వాచింగ్ క్రికెట్ అండ్ రీడింగ్ బుక్స్."

గ్రామర్‌లో దీన్ని ప్యారలల్ స్ట్రక్చర్ అంటారు, ప్యారలలిజం అని కూడా అంటారు. వరుసగా చెప్పే వాటన్నిటికీ ఒకే రూపం ఉండాలన్నదే సూత్రం. కాడికి ఒక పక్క ఎద్దును, ఇంకో పక్క దున్నను కడితే నాగలి సాలులో నడవదు. అండ్ అనే మాట ఆ కాడి లాంటిది.

కింద ఇచ్చిన ఇంగ్లీష్ వాక్యాలను తెలుగు లిపిలోనే రాశాను. ఈ తప్పు కంటి కంటే ముందు చెవికే దొరుకుతుంది కాబట్టి ఒక్కో వాక్యాన్ని బయటికి చదవండి. తర్వాత నోట్‌బుక్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకోండి, స్పెల్లింగ్ కూడా చేతికి అలవాటవుతుంది.

అండ్ చుట్టూ సున్నా చుట్టండి

మీరు రాసిన పేరా ముందు పెట్టుకొని పెన్సిల్ తీసుకోండి. అండ్, ఆర్ ("లేదా" అనే అర్థంలో వచ్చేది), బట్ ఎక్కడ కనబడితే అక్కడ సున్నా చుట్టండి. ఈ దశలో వాక్యం అర్థం గురించి ఆలోచించొద్దు. అర్థంలో పడితే రూపం కంటికి ఆనదు. సున్నా చుట్టాక దాని కుడి పక్కన ఉన్న మొదటి మాటను చూడండి. ముందు కుడి పక్కే ఎందుకంటే, చివరి అంశం అక్కడే మొదలవుతుంది. ఎడమ పక్క ఏముందో వెంటనే తేలదు.

ఉదాహరణకు: "హి రిపేర్స్ బోర్ మోటార్స్ ఫర్ ఫార్మర్స్ ఇన్ దేవరకొండ అండ్ సెల్స్ స్పేర్ పార్ట్స్." ఇక్కడ అండ్‌కు ఎడమన ఆనుకొని ఉన్న మాట దేవరకొండ. దాన్ని సెల్స్‌తో జత కడితే అర్థం పర్థం ఉండదు. కాబట్టి కుడి పక్క నుంచి రండి. సెల్స్ అనేది చివర ఎస్ ఉన్న క్రియ. వెనక్కి నడుస్తూ అలాంటి క్రియ కోసం వెతకండి. రిపేర్స్ దొరుకుతుంది. రిపేర్స్, సెల్స్. జత కుదిరింది, వాక్యం సరిగానే ఉంది.

అదే చోట "అండ్ సెల్లింగ్ స్పేర్ పార్ట్స్" అని ఉంటే? సెల్లింగ్‌ను పట్టుకొని వెనక్కి వెళ్తే ఇంగ్‌తో ముగిసే మాట ఒక్కటి కూడా ఎదురుకాదు. తప్పు అక్కడే పట్టుబడింది. ఈ ఒక్క అలవాటు చేతికి వస్తే సగం పని అయిపోయినట్టే. మిగతావన్నీ దీనికి కొసరు.

రూపాలను గుర్తుపట్టడానికి జెరండ్, ఇన్ఫినిటివ్ లాంటి పేర్లు బట్టీ పట్టనక్కర్లేదు. చూపుతోనే గుంపులు కట్టుకోవచ్చు. ఇంగ్ తోకతో వచ్చేవి ఒక గుంపు: రీడింగ్, సెల్లింగ్. టు ముందు పెట్టుకొని వచ్చేవి ఇంకోటి: టు రీడ్, టు సెల్. రైస్, స్కూల్, మార్కెట్ లాంటి ఉత్త పేర్లు. హానెస్ట్, పంక్చువల్ లాంటి గుణాలు. ఎస్‌తోనో ఈడీతోనో ముగిసే క్రియలు, వాటితోపాటు వెంట్, కేమ్ లాంటివి. ఇక తనకంటూ కర్త, క్రియ రెండూ ఉన్న చిన్న వాక్యం: "షి స్పీక్స్ హిందీ." ఒక వరుసలో ఉన్నవన్నీ ఒకే గుంపులోంచి రావాలి.

ఉమ్మడి భాగాన్ని తగిలించి చూడండి

చూపుతో కట్టుకున్న గుంపులు ఒక్కోసారి మోసం చేస్తాయి. అప్పుడు తీర్పు చెప్పే పరీక్ష ఒకటి ఉంది. వరుస మొదలయ్యే ముందు అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ముక్క ఏదో చూసి, దాన్ని ఒక్కో అంశానికీ విడివిడిగా తగిలించి చదవాలి.

"షి ఈజ్ హానెస్ట్, పంక్చువల్ అండ్ హాజ్ గుడ్ కంప్యూటర్ స్కిల్స్." ఇందులో ఉమ్మడి భాగం "షి ఈజ్". తగిలించండి. "షి ఈజ్ హానెస్ట్", బాగుంది. "షి ఈజ్ పంక్చువల్", బాగుంది. "షి ఈజ్ హాజ్ గుడ్ కంప్యూటర్ స్కిల్స్." నోరే ఆగిపోతుంది. దీన్ని రెండు రకాలుగా సరిచేయవచ్చు. మూడోదాన్ని కూడా గుణంగా మార్చడం ఒకటి: "షి ఈజ్ హానెస్ట్, పంక్చువల్ అండ్ గుడ్ విత్ కంప్యూటర్స్." గుణాలు రెండింటినీ ఒక చోట ముగించి కొత్త వాక్యం ఎత్తుకోవడం రెండోది: "షి ఈజ్ హానెస్ట్ అండ్ పంక్చువల్, అండ్ షి హాజ్ గుడ్ కంప్యూటర్ స్కిల్స్." నేనైతే రెండోదే రాస్తాను. కంప్యూటర్ పని వచ్చు అన్నది ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కావలసిన విషయం, దాన్ని గుణాల వరుసలో చివర ఇరికించడం దేనికి?

ఈ పరీక్ష ఇంకో మేలు కూడా చేస్తుంది. "హి ఈజ్ హార్డ్‌వర్కింగ్ అండ్ సిన్సియర్" అన్న వాక్యంలో ఒకటి ఇంగ్‌తో ముగిసింది, ఇంకోటి అలా లేదు. కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో దీన్ని తప్పు అనేస్తారు. ఉమ్మడి భాగం తగిలించి చూడండి: "హి ఈజ్ హార్డ్‌వర్కింగ్", "హి ఈజ్ సిన్సియర్". రెండూ నిలబడ్డాయి. హార్డ్‌వర్కింగ్ ఇక్కడ పనిని చెప్పడం లేదు, మనిషి గుణాన్ని చెబుతోంది. తోక ఏదైనా గుంపు ఒకటే.

ఉమ్మడి భాగం వెనకాల కూడా ఉండవచ్చు. "ఐ యామ్ ఇంట్రెస్టెడ్ అండ్ కేపబుల్ ఆఫ్ టీచింగ్ మ్యాథ్స్" అని ప్రైవేట్ స్కూల్ అప్లికేషన్లలో రాస్తుంటారు. వెనకాల ఉన్నది "ఆఫ్ టీచింగ్ మ్యాథ్స్". కేపబుల్‌కు అది సరిపోతుంది. ఇంట్రెస్టెడ్‌కు తగిలిస్తే "ఇంట్రెస్టెడ్ ఆఫ్ టీచింగ్" అవుతుంది, అలా ఇంగ్లీష్‌లో అనరు. దానికి కావలసింది ఇన్. కాబట్టి "ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ అండ్ కేపబుల్ ఆఫ్ టీచింగ్ మ్యాథ్స్." చదవడానికి కొంచెం ఎగుడుదిగుడుగా అనిపించినా సరైనది ఇదే.

పోయి, నింపి, ఇచ్చి, వచ్చి

మన దగ్గర ఈ తప్పుకు అసలు మూలం వేరే చోట ఉంది. తెలుగులో వరుసగా జరిగిన పనులను ఎలా చెప్తామో గమనించండి: "మా నాన్న బ్యాంకుకు పోయి, ఫారం నింపి, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకొని, ఇంటికి వచ్చాడు." పనులు నాలుగు, పూర్తి క్రియ ఒక్కటే, అదీ చివర. ముందున్నవన్నీ దాని మీద ఆనుకొని నడిచే అసమాపక క్రియలు. తెలుగులో ఇది తప్పు కాదు సరికదా, ఇలా చెప్తేనే సొగసు. "పోయాడు, నింపాడు, వేయించుకున్నాడు, వచ్చాడు" అని నలుగురిలో అంటే పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం ఇచ్చినట్టు ఉంటుంది.

ఇంగ్లీష్‌లో అండ్‌తో వరుస కట్టేటప్పుడు మాత్రం ఆ వాంగ్మూలమే కావాలి. మనసులో "పోయి, నింపి" మెదులుతుంటే చెయ్యి ఇలా రాస్తుంది: "మై ఫాదర్ గోయింగ్ టు ద బ్యాంక్, ఫిల్లింగ్ ద ఫారమ్ అండ్ కేమ్ హోమ్." కుడి నుంచి వెనక్కి రండి. కేమ్‌కు జత లేదు. ఉండాల్సింది: "మై ఫాదర్ వెంట్ టు ద బ్యాంక్, ఫిల్డ్ ఇన్ ద ఫారమ్, గాట్ ద పాస్‌బుక్ అప్‌డేటెడ్ అండ్ కేమ్ హోమ్." వెంట్, ఫిల్డ్, గాట్, కేమ్. నాలుగూ తమ కాళ్ల మీద తాము నిలబడ్డాయి.

దీనికి ఒక పద్ధతి పెట్టుకోండి. ఇంగ్లీష్‌లోకి దిగే ముందు తెలుగు వాక్యాన్నే ముక్కలు చేయండి. నాన్న బ్యాంకుకు పోయాడు. నాన్న ఫారం నింపాడు. నాన్న ఎంట్రీ వేయించుకున్నాడు. నాన్న ఇంటికి వచ్చాడు. ఒక్కో ముక్కను ఇంగ్లీష్‌లో రాయండి. తర్వాత రెండో ముక్క నుంచి మై ఫాదర్ కొట్టేసి మధ్యలో కామాలు, చివర అండ్ పెట్టండి. కొన్నాళ్లకు కాగితం మీద ముక్కలు చేసే అవసరం పోతుంది. ఇంగ్‌తో ఎత్తుకునే వాక్యాలు ఇంగ్లీష్‌లో లేవా అంటే ఉన్నాయి, అక్కడ అండ్ వరుస లెక్క వేరు. వాటి జోలికి ఇప్పుడే పోవద్దు.

టు, ఆఫ్, ద: ఒక్కసారి పెట్టాలా, ప్రతిసారీ పెట్టాలా?

"ఐ వాంట్ టు ఫినిష్ మై డిగ్రీ, రైట్ ద గ్రూప్స్ అండ్ టు గెట్ ఎ జాబ్." మొదటిదానికీ చివరిదానికీ టు ఉంది, మధ్యలోదానికి లేదు. ఒకటే నియమం: మొదట ఒక్కసారి పెట్టి వదిలేయండి, లేదా అన్నిటికీ పెట్టండి. "టు ఫినిష్ మై డిగ్రీ, రైట్ ద గ్రూప్స్ అండ్ గెట్ ఎ జాబ్" అన్నా సరే, మూడింటికీ టు పెట్టినా సరే. ముక్కలు పొట్టిగా ఉంటే ఒక్కసారి చాలు. పొడుగైతే చదివేవాడికి దారి తప్పకుండా ప్రతిసారీ పెట్టడం మేలు.

ఈ రెండు పద్ధతులూ ఒకే చోట చూడాలంటే మన రాజ్యాంగ పీఠిక ఇంగ్లీష్ ప్రతి తీయండి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు అది నోటికే వచ్చి ఉంటుంది. 1949 నవంబర్ 26న ఆమోదించిన ఆ పాఠంలో "లిబర్టీ ఆఫ్ థాట్, ఎక్స్‌ప్రెషన్, బిలీఫ్, ఫెయిత్ అండ్ వర్షిప్" అని ఉంటుంది. ఐదు పేర్లకూ కలిపి ఆఫ్ ఒక్కటే. ఆ కింది వరుసలోనే "ఈక్వాలిటీ ఆఫ్ స్టేటస్ అండ్ ఆఫ్ ఆపర్చునిటీ". ఉన్నవి రెండే, అయినా ఆఫ్ రెండుసార్లు వచ్చింది. హోదాలో సమానత్వం వేరు, అవకాశంలో సమానత్వం వేరు అని ఆ రెండో ఆఫ్ వేలుపెట్టి చూపిస్తున్నట్టు నాకు తోస్తుంది. ఐదింటికీ అలా పెట్టి ఉంటే వాక్యం మోయలేనంత అయ్యేది. పైనున్న "జస్టిస్, సోషల్, ఎకనామిక్ అండ్ పొలిటికల్" కూడా చూడండి, మూడూ గుణాలే.

నల్గొండ వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. స్కూల్లో పొద్దున్నే చెయ్యి చాచి చెప్పిన ప్రతిజ్ఞ. దాన్ని 1962లో తెలుగులో రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది నల్గొండ జిల్లా అన్నెపర్తి. ఇంగ్లీష్ ప్రతిలో ఈ వాక్యం గుర్తుందా? "ఐ షల్ గివ్ మై పేరెంట్స్, టీచర్స్ అండ్ ఆల్ ఎల్డర్స్ రెస్పెక్ట్ అండ్ ట్రీట్ ఎవ్రీవన్ విత్ కర్టసీ." ఇందులో అండ్ రెండుసార్లు వచ్చింది. రెంటికీ సున్నా చుట్టండి. మొదటిదాని కుడి పక్క ఎల్డర్స్, వెనక్కి వెళ్తే పేరెంట్స్, టీచర్స్. అందరూ మనుషులే, పేర్లే. రెండోదాని కుడి పక్క ట్రీట్. ఇది పేర్ల వరుసలోది కాదు, వాటన్నిటినీ దాటుకొని వెనక్కి పోతే గివ్ దగ్గర ఆగుతాం. ఉమ్మడి భాగం "ఐ షల్". "ఐ షల్ గివ్", "ఐ షల్ ట్రీట్". ఒక వరుస కడుపులో ఇంకో వరుస ఉన్నా ముడిపడకుండా నిలిచిందంటే ప్రతి అండ్‌కు దాని జత దానికి ఉంది కాబట్టే.

ద విషయంలో ఒక చిన్న జాగ్రత్త. "ద సెక్రటరీ అండ్ ట్రెజరర్" అంటే రెండు పదవులూ చూస్తున్న మనిషి ఒక్కరే అని అర్థం వస్తుంది. "ద సెక్రటరీ అండ్ ద ట్రెజరర్" అంటే ఇద్దరు. సంఘం తీర్మానాలు ఇంగ్లీష్‌లో రాసేవాళ్లు ఇది చూసుకోవాలి.

జంటగా వచ్చే మాటలు

నాట్ ఓన్లీ అంటే బట్ ఆల్సో రావాలి, ఈదర్ అంటే ఆర్, నైదర్ అంటే నార్, బోత్ అంటే అండ్. ఇది అందరికీ తెలుసు. జారిపోయేది ఆ మాటలను ఎక్కడ పెట్టాలి అన్న దగ్గర.

"హి నాట్ ఓన్లీ స్పీక్స్ ఉర్దూ బట్ ఆల్సో తెలుగు." పాలమూరు, నల్గొండ టౌన్లలో ఇలాంటి మనుషులకు కొదవ లేదు, ఇలాంటి వాక్యాలకూ లేదు. బట్ ఆల్సో తర్వాత ఉన్నది తెలుగు, ఒక భాష పేరు. నాట్ ఓన్లీ తర్వాత ఉన్నది స్పీక్స్, క్రియ. పేరుకూ క్రియకూ జత ఎలా కుదురుతుంది? నాట్ ఓన్లీని ఒక అడుగు కుడికి జరపండి: "హి స్పీక్స్ నాట్ ఓన్లీ ఉర్దూ బట్ ఆల్సో తెలుగు." ఉర్దూ, తెలుగు. రెండు పేర్లు. మాట ఒక్కటి కూడా మార్చలేదు, చోటు మార్చాం.

క్రియలే చెప్పాలనుకుంటే నాట్ ఓన్లీ మొదటి చోటే ఉండనివ్వండి, కానీ రెండో వైపు కూడా క్రియ ఇవ్వండి: "హి నాట్ ఓన్లీ స్పీక్స్ ఉర్దూ బట్ ఆల్సో రీడ్స్ ఇట్."

ఈదర్ కూడా ఇదే బాపతు. "ఈదర్ యు కెన్ టేక్ ద బస్ ఆర్ ద ట్రైన్ ఫ్రమ్ నల్గొండ." మాట్లాడేటప్పుడు ఇలా అంటే ఎవరూ పట్టించుకోరు. రాతలో మాత్రం ఈదర్ తర్వాత పూర్తి వాక్యం, ఆర్ తర్వాత ఉత్త ట్రైన్ వచ్చేసరికి తూకం తప్పుతుంది. "యు కెన్ టేక్ ఈదర్ ద బస్ ఆర్ ద ట్రైన్ ఫ్రమ్ నల్గొండ." జంట మాటల్లో రెండోదాని కుడి పక్క ఏముందో చూసి, మొదటిదాన్ని సరిగ్గా అలాంటి మాట ముందుకు జరపాలి. మళ్లీ అదే, కుడి నుంచి వెనక్కి.

ప్రిపోజిషన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. "ఫర్" లాంటి మాట నాట్ ఓన్లీకి కుడి పక్క ఉంటే బట్ ఆల్సోకు కూడా కుడి పక్క ఉండాలి.

పోల్చేటప్పుడు

దాన్ అన్న మాట కూడా అండ్ లాంటిదే, రెండు పక్కలా సమానంగా కోరుతుంది. "ఇట్ ఈజ్ చీపర్ టు రిపేర్ ద మోటార్ దాన్ బయింగ్ ఎ న్యూ వన్" అన్నప్పుడు ఒక పక్క టు రిపేర్, ఇంకో పక్క బయింగ్. "దాన్ టు బై ఎ న్యూ వన్" అంటే సరి.

పోలికలో ఇంకో గుంట ఉంది, అది కొంచెం లోతైనది. "ద గేట్స్ ఆఫ్ నాగార్జున సాగర్ ఆర్ ఫ్యూయర్ దాన్ జూరాల." సాగర్‌కు 26 క్రస్ట్ గేట్లు, జూరాలకు అంతకంటే చాలా ఎక్కువ, కాబట్టి విషయం నిజమే. కానీ వాక్యం గేట్లను తీసుకెళ్లి ఏకంగా జూరాల ప్రాజెక్టుతో పోలుస్తోంది. పోల్చాల్సింది గేట్లతో గేట్లను: "ద గేట్స్ ఆఫ్ నాగార్జున సాగర్ ఆర్ ఫ్యూయర్ దాన్ దోజ్ ఆఫ్ జూరాల." ఒక్కటే అయితే దట్ ఆఫ్, ఎక్కువైతే దోజ్ ఆఫ్. తెలుగులో "సాగర్ గేట్లు జూరాల కంటే తక్కువ" అన్నా చెల్లిపోతుంది, అందుకే ఈ తప్పు మన కంట పడదు.

ప్రిఫర్‌తో జాగ్రత్త. "ఐ ప్రిఫర్ వర్కింగ్ ఇన్ మహబూబ్‌నగర్ టు మైగ్రేట్ టు ముంబై." వలసల జిల్లాలో పుట్టినవాళ్లు రాయదగిన వాక్యమే. కాకపోతే ఇక్కడున్న మొదటి టు అసలు దాన్‌కు బదులుగా వచ్చింది. దాని తర్వాత క్రియ మూలరూపం రాదు. "ఐ ప్రిఫర్ వర్కింగ్ ఇన్ మహబూబ్‌నగర్ టు మైగ్రేటింగ్ టు ముంబై" అనాలి. టు మైగ్రేటింగ్ అన్నది మొదట్లో చెవికి ఇబ్బందిగా ఉంటుంది. వర్కింగ్‌తో కలిపి రెండుసార్లు చదివితే అలవాటవుతుంది.

అన్నీ ఒకే కాలంలో ఉండాలా?

అక్కర్లేదు. ఇక్కడ చాలామంది అతి జాగ్రత్తకు పోతారు. "షి వాజ్ బోర్న్ ఇన్ వనపర్తి, స్టడీడ్ ఇన్ మహబూబ్‌నగర్ అండ్ నౌ వర్క్స్ ఇన్ హైదరాబాద్." మొదటి రెండూ గతం, మూడోది వర్తమానం. అయినా వాక్యం తప్పు కాదు, ఎందుకంటే మూడూ "షి" అనే కర్తకు నేరుగా అతుక్కునే పూర్తి క్రియలే, కాలం మారిందని చెప్పడానికి నౌ కూడా ఉంది. రూపం గుంపు ఒకటే ఉండాలి గాని కాలం విషయాన్ని బట్టి మారవచ్చు. కారణం లేకుండా మారితేనే తప్పు: "ద ఫార్మర్ సోల్డ్ హిస్ ప్యాడీ, క్లియర్డ్ హిస్ లోన్ అండ్ బైస్ సీడ్స్." ముగ్గురు అన్నదమ్ముల్లాంటి పనుల్లో చివరిదాన్ని మాత్రం "బైస్" అని వదిలేసి, గతంలో "బాట్" (కొన్నాడు) అని రాయకపోవడానికి ఏ కారణమూ లేదు.

రెజ్యూమెకు ఇది ఎలా వాడాలి

మిర్యాలగూడ రైస్ మిల్లులో అకౌంట్స్ చూసిన అబ్బాయి రెజ్యూమె అనుకోండి. చేసిన పనుల కింద చుక్కలు పెట్టి ఇలా రాసుకున్నాడు: "బిల్లింగ్." "టు మెయింటెయిన్ స్టాక్ రిజిస్టర్." "ఐ వాజ్ రెస్పాన్సిబుల్ ఫర్ లారీ లోడింగ్ స్లిప్స్." "జీఎస్టీ రిటర్న్స్ ఆల్సో డన్."

ఇందులో అండ్ లేదు కదా అనుకోవద్దు. చుక్కల జాబితా కూడా వరుసే. నాలుగు చుక్కలూ నాలుగు రకాల్లో ఉన్నాయి: ఒక పేరు, ఒక టు, ఒక పూర్తి వాక్యం, ఒక సగం వాక్యం. చదివేవాడికి ఈ అబ్బాయి చేసిన పనుల కంటే రాతలోని గజిబిజే ముందు కనబడుతుంది. ప్రతి చుక్కనూ గతంలో ఉన్న క్రియతో మొదలుపెట్టండి. "ప్రిపేర్డ్ బిల్స్ ఫర్ హోల్‌సేల్ బయ్యర్స్." "మెయింటెయిన్డ్ ద స్టాక్ రిజిస్టర్." "చెక్డ్ లోడింగ్ స్లిప్స్ ఫర్ లారీస్." "ఫైల్డ్ జీఎస్టీ రిటర్న్స్." ఐ వాజ్ రెస్పాన్సిబుల్ ఫర్ అన్న ముక్క దాదాపు ఎప్పుడూ కొట్టేయదగినదే. బాధ్యత ఉండటం వేరు, పని చేయడం వేరు. ఇప్పుడు కూడా అదే మిల్లులో ఉంటే గతానికి బదులు ప్రిపేర్, మెయింటెయిన్, చెక్, ఫైల్ అని నాలుగూ మార్చండి. మూడు మార్చి ఒకటి వదిలేస్తే మొదటికొస్తుంది.

కవర్ లెటర్‌లో అదే అబ్బాయి "ఐ హావ్ కంప్లీటెడ్ మై బీకామ్, నోయింగ్ ట్యాలీ అండ్ టు హ్యాండిల్ జీఎస్టీ వర్క్" అని రాశాడనుకుందాం. ఉమ్మడి భాగం "ఐ హావ్". "ఐ హావ్ నోయింగ్" కుదరదు. "ఐ హావ్ టు హ్యాండిల్" అంటే వ్యాకరణం కుదురుతుంది గాని అర్థం తిరగబడుతుంది, చేయక తప్పదు అన్నట్టు ఉంటుంది. "ఐ హావ్ కంప్లీటెడ్ మై బీకామ్, లర్న్‌డ్ ట్యాలీ అండ్ హ్యాండిల్డ్ జీఎస్టీ వర్క్" అని రాస్తే హావ్ ఒక్కటే మూడింటినీ మోస్తుంది.

పరీక్ష హాలులో

బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లో తప్పు గుర్తించమనే ప్రశ్నలు, గీత గీసిన ముక్కను బాగుచేయమనే ప్రశ్నలు వస్తాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ క్వాలిఫైయింగ్ పేపరే అయినా అందులో నెగ్గకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. వాక్యం బాగుచేయమన్న ప్రశ్నలో ఒక కిటుకు ఉంది. గీత గీసిన ముక్కను కాసేపు వదిలేసి గీత లేని భాగం చూడండి. అది మారదు కాబట్టి వరుసకు రూపం అక్కడే ఖాయమై ఉంటుంది. గీత లేని రెండు అంశాలు ఇంగ్‌తో ఉంటే, ఆప్షన్లలో ఇంగ్ లేనివి కొట్టేయండి. చాలాసార్లు ఒకటో రెండో మాత్రమే మిగులుతాయి. మిగిలిన రెండింటిలో ఏది అన్నది అర్థాన్ని బట్టి తేల్చుకోవాలి, అక్కడ కిటుకులు పనిచేయవు.

చేసి చూడండి

కింది ఐదు వాక్యాలకు సున్నాలు చుట్టి సరిచేయండి. జవాబులు ఆ తర్వాత ఇచ్చాను, ముందే చూడొద్దు.

"వి యూజ్ దిస్ వాటర్ ఫర్ డ్రింకింగ్, కుకింగ్ అండ్ టు వాష్ క్లోత్స్."

"ద డాక్టర్ టోల్డ్ మై గ్రాండ్‌ఫాదర్ టు వాక్ డైలీ, ఈట్ లెస్ సాల్ట్ అండ్ దట్ హి షుడ్ స్టాప్ స్మోకింగ్ బీడీస్."

"పిల్లలమర్రి ఈజ్ నోన్ నాట్ ఓన్లీ ఫర్ ఇట్స్ ఏజ్ బట్ ఆల్సో ఇట్స్ సైజ్."

"ద రోడ్స్ ఇన్ అవర్ విలేజ్ ఆర్ నారోయర్ దాన్ నాగర్‌కర్నూల్."

"ద కండక్టర్ చెక్డ్ ద టికెట్స్, కౌంటెడ్ ద ప్యాసింజర్స్ అండ్ ద బస్ స్టార్టెడ్."

మొదటిదాంట్లో టు వాష్ తీసేసి వాషింగ్ పెట్టాలి, ఉమ్మడి భాగం ఫర్ కాబట్టి. రెండోదాంట్లో "దట్ హి షుడ్" మొత్తం ఎగిరిపోతుంది: "టు వాక్ డైలీ, ఈట్ లెస్ సాల్ట్ అండ్ స్టాప్ స్మోకింగ్ బీడీస్." మూడోదాంట్లో బట్ ఆల్సో తర్వాత ఇంకో ఫర్ రావాలి. ఫర్‌ను నాట్ ఓన్లీకి ముందుకు జరిపి ఒక్కదానితో సరిపెట్టినా తప్పు కాదు. నాలుగోది "దాన్ దోజ్ ఇన్ నాగర్‌కర్నూల్".

ఐదోది మిగతా వాటికంటే కష్టం. చెక్డ్, కౌంటెడ్, స్టార్టెడ్ అని మూడూ ఈడీతోనే ముగిశాయి కాబట్టి సరిగానే ఉందనిపిస్తుంది. అండ్ కుడి పక్క చూడండి, అక్కడ ఉన్నది స్టార్టెడ్ కాదు, ద బస్. చెక్ చేసిందీ లెక్కపెట్టిందీ కండక్టర్, బయలుదేరింది బస్సు. అంటే రెండు క్రియలు, ఒక పూర్తి వాక్యం కలిసి ఒకే వరుసలో కూర్చున్నాయి. కండక్టర్ పనులు రెండింటినీ ఒక అండ్‌తో ముడివేసి, కామా పెట్టి, బస్సుకు వేరే అండ్ ఇవ్వండి: "ద కండక్టర్ చెక్డ్ ద టికెట్స్ అండ్ కౌంటెడ్ ద ప్యాసింజర్స్, అండ్ ద బస్ స్టార్టెడ్." రెండు అండ్‌లు ఎందుకని ఎవరైనా అడిగితే, కర్తలు ఇద్దరని చెప్పండి.